పదిహేనో చుట్టు మొదలయ్యేలోగా: పెద్దలకు తల్మూద్ తరగతులు నడిపే కమిటీలకు బహిరంగ లేఖ

సినగాగుల విద్యా కమిటీల సభ్యులకు, పెద్దల కోసం ఆన్‌లైన్‌లో యూదు గ్రంథాల తరగతులు నడిపే నిర్వాహకులకు,

షాలోమ్. నమస్కారం.

2027 జూన్ 7న దఫ్ యోమి (రోజుకో ఆకు చొప్పున తల్మూద్ అంతా చదివే పద్ధతి) పద్నాలుగో చుట్టు ముగుస్తుంది. మర్నాడే తల్మూద్‌లోని మొదటి గ్రంథం బెరాఖోత్ రెండో ఆకుతో పదిహేనోది మొదలవుతుంది (ముఖపత్రానికి ఒకటో అంకె పోతుంది కాబట్టి లెక్క రెండు నుంచే). పోస్టర్లు, నమోదు ఫారాల పని మీ దగ్గర త్వరలోనే అందుకుంటుంది. ఈలోగా ఒక్క మాట వినమని ఈ ఉత్తరం. ముప్పైలోనో అరవైలోనో మొదటిసారి గెమారా (మిష్నా అనే పాత ధర్మ సంకలనం మీద పండితుల చర్చ; రెండూ కలిస్తే తల్మూద్) తెరుస్తున్నవాళ్లను దఫ్ యోమి గుమ్మంలోంచి లోపలికి తీసుకురాకండి. వాళ్లకు వేరే తరగతి పెట్టండి. వారానికి గంటన్నర చొప్పున ఇరవై వారాలు, మొత్తం కలిపి రెండు ఆకులకు లోపు. వినడానికి ఇది మరీ కొంచెంగా అనిపిస్తుంది. ఎందుకు చాలో, ఎలా నడపాలో చెబుతాం.

దఫ్ యోమి మీద మాకు కోపం లేదు. 1923లో వియన్నాలో జరిగిన అగుదత్ ఇస్రాయేల్ (సనాతన యూదుల సంస్థ) ప్రపంచ మహాసభలో రబ్బీ మేయిర్ షపీరో దాన్ని ప్రతిపాదించారు. ఏ దేశంలో ఉన్న యూదులైనా ఒకే రోజు ఒకే ఆకు చదవాలన్నది ఆయన ఆలోచన. ఆ సభలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడు హెదెర్‌లో (పిల్లల బడి) అక్షరాలు దిద్ది, యెషీవాలో (తల్మూద్ విద్యాలయం) ఏళ్ల తరబడి గెమారా చదివినవాళ్లు. రోజుకో ఆకు వాళ్లకు పునశ్చరణ. తల్మూద్ మొత్తం 2,711 ఆకులు, ఏడేళ్ల ఐదు నెలలు. ఆకుకు రెండు పక్కలు. తరగతి నలభై ఐదు నిమిషాలనుకుంటే ఒక్కో పక్కకు దక్కేది ఇరవై రెండున్నర నిమిషాలే. ఆ వేగంలో గురువు చదివి, అర్థం చెప్పి, ముందుకు పోవాల్సిందే. పుస్తకం విద్యార్థి ఒళ్లో ఉంటుంది, కళ్లు మాత్రం గురువు మొహం మీద ఉంటాయి. ఒక ప్రశ్నను ఎవరు ఎవరిని అడుగుతున్నారో విద్యార్థికి అందేసరికి తరగతి మూడో వాదనలో ఉంటుంది.

బెరాఖోత్ 63 రోజులు, దాని తర్వాతి గ్రంథం ‘షబ్బాత్’ 156 రోజులు. ఆ తర్వాత ఎరువిన్ అనే గ్రంథం. కొత్త చుట్టులో అది 2028 జనవరి మధ్యలో వస్తుంది. ఎరువిన్ మొదటి మాటే సందు మొగలో ఇరవై మూరల కంటే ఎత్తున ఉన్న దూలం గురించి. అక్కడి నుంచి గోడలు, ఖాళీలు, బెత్తలు. బొమ్మ గీసుకోకుండా ఒక్క పేరా కూడా ముందుకు సాగదు. కుర్చీలు ఖాళీ అయ్యేది అక్కడ. మానేసినవాళ్లు తప్పు తమదే అనుకుంటారు, ‘ఈ వయసులో మనకు ఎక్కదులే’ అని సరిపెట్టుకుంటారు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ మాటే.

నిజానికి చిక్కు ఎరువిన్ దాకా ఆగదు, మొదటి రోజే ఉంది. బెరాఖోత్ రెండో ఆకు మొదటి పక్కనే తీసుకోండి. మిష్నా అడుగుతుంది: సాయంత్రం షెమా (రోజూ రెండు పూటలా చదివే వచనాలు) ఎప్పటి నుంచి చదవాలి? జవాబు: యాజకులు తమ తెరూమా తినడానికి లోపలికి వెళ్లే వేళ నుంచి, మొదటి జాము ముగిసే దాకా. ఇది రబ్బీ ఎలియెజెర్ మాట. అర్ధరాత్రి దాకా అంటారు పండితులు. తెల్లవారే దాకా అంటాడు రబ్బన్ గమ్లియేల్. కొత్తగా వచ్చినవాడు అక్కడే ఆగిపోతాడు. తెరూమా అంటే ఏమిటి (తెలుగు బైబిల్ చదివినవాళ్లకు ‘ప్రతిష్ఠార్పణ’గా తెలుసు)? యాజకుడు దాన్ని తినడానికి వేళ ఎందుకు? అపవిత్రుడైన యాజకుడు స్నానం చేశాక సూర్యాస్తమయం దాకా ఆగాలని లేవీయకాండం 22:7 చెబుతుందని తెలియాలి. ఆ వేళ అంటే చుక్కలు పొడిచే వేళ అని తెలియాలి. రాత్రికి జాములు మూడా నాలుగా అన్న తగవు మరో ఆకు తర్వాత వస్తుంది. జెరూసలేం ఆలయం కూలి ఒక శతాబ్దం పైగా గడిచాక కూర్చిన మిష్నా, ఆలయం ఇంకా నిలిచి ఉన్నట్టే ఎందుకు మాట్లాడుతోందో ఎవరైనా చెప్పాలి.

తర్వాత గెమారా నోరు విప్పుతుంది. వేళ గురించి అడుగుతుందేమో అనుకుంటాం. అది అడిగేది వేరు. ఈ తన్నా (మిష్నా కాలపు పండితుడు) ఎక్కడ నిలబడి ‘ఎప్పటి నుంచి’ అంటున్నాడు, అంటే షెమా చదవాలన్న విధి ముందే ఉన్నట్టు ఎలా మొదలుపెట్టాడు? పొద్దుటి కంటే ముందు సాయంత్రం ఎందుకు చెప్పాడు? ద్వితీయోపదేశకాండం 6:7లో ‘పండుకొనునప్పుడు’ అన్నది ‘లేచునప్పుడు’ కంటే ముందుంది కాబట్టి అని ఒక జవాబు. సృష్టి కథలో అస్తమయం ముందు, ఉదయం తర్వాత అని ఇంకొకటి. ఆ పైన ఇంకో ప్రశ్న: చుక్కలు పొడిచే వేళ అని తిన్నగా చెప్పొచ్చుగా, యాజకులెందుకు మధ్యలో? దారిన పోతూ పోతూ ఇంకో విషయం కూడా నేర్పుదామని. ఇది అద్భుతమైన పుట. తల్మూద్ ఎలా ఆలోచిస్తుందో మొత్తం ఇందులో ఉంది. కానీ దీన్ని ఆస్వాదించాలంటే ముందు పది సంగతులు తెలియాలి, వాటిలో చాలావరకు ఈ పుట విడమరచి చెప్పదు. మొదటి పుట కాబట్టి తేలిక పుట అనుకోవడం కమిటీలు తరచుగా చేసే పొరపాటు.

పెద్దల తరగతుల ప్రకటనల్లో రబ్బీ అకివా తప్పకుండా కనిపిస్తాడు, నలభై ఏళ్లకు చదువు మొదలుపెట్టి మహాపండితుడయ్యాడని. అవోత్ ద రబ్బీ నథాన్ అనే పాత గ్రంథం ఆరో అధ్యాయంలో ఆ కథ మిగతా భాగం కూడా ఉంది. ఆయన కొడుకుతో కలిసి పిల్లల గురువు దగ్గరకు వెళ్లాడు. పలక ఒక కొస తను పట్టుకుని, రెండో కొస కొడుకు చేత పట్టించాడు. ఆలెఫ్ బేత్ (హీబ్రూ అక్షరమాల) రాయించుకుని నేర్చుకున్నాడు. తర్వాత లేవీయకాండం, ఆ తర్వాతే మిగతావన్నీ. ప్రకటనల్లో నలభై మిగిలింది, పలక పోయింది.

అందుకని ముందు అక్షరాలు. హీబ్రూ అక్షరాలు ఇరవై రెండు, మాట చివర రూపం మార్చుకునేవి అయిదు. రోజుకు ఇరవై నిమిషాలు కూర్చుంటే ఆరు వారాలు చాలు. ఈ ఆరు వారాలను అసలు తరగతిలో కలపకండి. ముందే విడిగా పెట్టండి. అక్షరాలు రానివాళ్లనూ వచ్చినవాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెడితే మొదటివాళ్లు సిగ్గుపడి పోతారు, రెండోవాళ్లు విసుగొచ్చి పోతారు. ఇజ్రాయెల్‌లో పెరిగి హీబ్రూ గడగడా మాట్లాడేవాళ్లకు ఈ ముందు తరగతి అక్కర్లేదు. కానీ వాళ్లూ గెమారా దగ్గర తడబడతారు, ఎందుకంటే చర్చ నడిచేది అరామిక్‌లో. పాత వచనాలను ఎత్తిచూపేటప్పుడు హీబ్రూ, వాటి మీద కొట్లాడేటప్పుడు అరామిక్. భాష మారిన చోటే గొంతు కూడా మారిందని పట్టుకోవడం విద్యార్థి నేర్వాల్సిన మొదటి విద్య.

మరి ఏ పుటతో మొదలుపెట్టాలి? మేము గట్టిగా చెప్పేది బావా మెత్సియా అనే గ్రంథంలో రెండో అధ్యాయం, ‘ఎలూ మెత్సియోత్’, 21వ ఆకు మొదటి పక్క. యెషీవాలు పిల్లలను తరతరాలుగా ఇక్కడ నుంచే గెమారాలోకి దింపుతున్నాయి. పెద్దలకు ఇది ఇంకా బాగా నప్పుతుంది. విషయం రోడ్డు మీద దొరికిన వస్తువులు. చెల్లాచెదురుగా పడిన పళ్లు, చెదిరిన నాణేలు, బజారు రొట్టెలు, దారానికి గుచ్చిన చేపలు, మాంసం ముక్కలు. దొరికినవాడు ఉంచుకోవచ్చా, చాటింపు వేసి సొంతదారును వెతకాలా? ఆలయం ఊసు లేదు, శుద్ధి అశుద్ధి లేవు. ఎవరైనా మొదటి నిమిషంలోనే అభిప్రాయం చెప్పగలరు, ఆ అభిప్రాయాన్ని గెమారా రెండో నిమిషంలో చెదరగొట్టగలదు.

గెమారా మొదటి ప్రశ్న పరిమాణం మీద: చెల్లాచెదురుగా అంటే ఎంత? రబ్బీ ఇస్‌హాక్ జవాబు: నాలుగు మూరల మేర ఒక కవ్ (గింజలు, పళ్లు కొలిచే పాత కొలత). వెంటనే రబ్బీ ఇర్మెయా కొలతలు తిప్పి అడుగుతాడు. రెండు మూరల్లో అర కవ్ అయితే? ఎనిమిది మూరల్లో రెండు కవ్‌లైతే? కవ్ నువ్వులైతే? ఖర్జూరాలో దానిమ్మలో అయితే? ప్రతి ప్రశ్నా ఒకే సంగతిని వేర్వేరు వైపుల నుంచి తడుముతుంది: సొంతదారు వదిలేసుకునేది ఏరుకోవడం కష్టమనా, సరుకు విలువ తక్కువనా? నువ్వులు ఖరీదైనవి, ఏరడం మరీ కష్టం. దానిమ్మలు చవక, ఏరడం తేలిక. చివరికి ‘తేకూ’, అంటే ప్రశ్న తేలకుండా నిలిచిపోయింది. చట్టం పుస్తకం చదువుతున్నామనుకుని వచ్చినవాళ్లకు ఇక్కడ దెబ్బ తగులుతుంది. తగలనివ్వండి. గురువు తొందరపడి ‘దీని సారాంశం ఏమిటంటే’ అని మొదలుపెడితే ఆ పాఠం పోయినట్టే.

తర్వాత 21వ ఆకు రెండో పక్కన అబ్బయే, రవా అనే ఇద్దరు పండితుల మధ్య పెద్ద తగవు. వస్తువు పడిపోయిందని సొంతదారుకు ఇంకా తెలియదు. తెలిస్తే మాత్రం ఆశ వదులుకుంటాడు. ఆ తెలిసే లోపే ఒకడు దాన్ని తీసుకున్నాడు. అబ్బయే లెక్కలో అది ఆశ వదులుకోవడం కాదు, రవా లెక్కలో అవును. సొంతదారు పోల్చి చెప్పగల గుర్తు ఉన్న వస్తువు విషయంలో ఇద్దరికీ గొడవ లేదు, తిరిగి ఇవ్వాల్సిందే. సముద్రపు పోటు ఈడ్చుకుపోయిన వస్తువు విషయంలోనూ గొడవ లేదు, దొరికినవాడిదే. తగవంతా గుర్తు లేని వస్తువు మీదే. ఇక ‘తా ష్మా’, ‘తా ష్మా’ అంటూ ఒకదాని వెనక ఒకటి రుజువులు వస్తాయి. చెల్లాచెదురుగా పడిన పళ్లు దొరికినవాడివే అంటోంది కదా మిష్నా, సొంతదారుకు పడిన సంగతి తెలియదు కదా? లేదు, అవి కళ్లం ఎత్తేటప్పుడు తెలిసి వదిలేసిన గింజలు. చెదిరిన నాణేలో? మనిషి గడియ గడియకూ డబ్బు సంచి తడిమి చూసుకుంటాడు, కాబట్టి పడిందని తెలిసిపోతుంది. ఈ వరస 22వ ఆకు రెండో పక్క దాకా సాగి చివరికి రవా ఓడిపోతాడు. అబ్బయే, రవాలు తగవుపడిన చోట్ల మామూలుగా రవా మాటే చెల్లుతుంది. అబ్బయే మాట చెల్లే చోట్లు ఆరే, వాటిలో ఇదొకటి.

ఈ భాగమే ఎందుకంటే, ఒకే అచ్చు పదిసార్లు తిరిగి వస్తుంది. పాత వచనం, దానివల్ల ఒకరికి ఇరకాటం, తప్పించుకునే దారి. మూడో రుజువుకు విద్యార్థి ఊహించడం మొదలుపెడతాడు. ఆరో రుజువుకు తప్పించుకునే దారి తానే చెబుతాడు, కొన్నిసార్లు గెమారా చెప్పిన దారే. దఫ్ యోమిలో ఇదంతా రెండు రోజుల్లో దాటిపోతుంది. మా లెక్కలో దీనికి పధ్నాలుగు పదిహేను వారాలు. వారానికి ఏడు నుంచి పదిహేను లైన్లు, అంతకంటే వద్దు. మిగిలిన వారాలు పుట పరిచయానికి, రాషీ లిపికి (వ్యాఖ్యాత రాషీ పేరున ఉన్న అక్షరాలు), వెనక్కి తిరిగి చదవడానికి.

పుట సంగతి. 1520లలో వెనిస్‌లో డేనియల్ బోంబెర్గ్ అచ్చువేసిన తల్మూద్ నుంచి ఆకుల అంకెలు ఇప్పటి దాకా మారలేదు. ఈరోజు అందరూ వాడే పుట రూపం 1880లలో విల్నాలో రోమ్ అచ్చుకూటం తెచ్చినది. నడుమ మిష్నా, గెమారా. కుట్టు వైపు రాషీ వ్యాఖ్య, బయటి అంచు వైపు తోసఫోత్ (రాషీ తర్వాతివారి వ్యాఖ్యలు). అచ్చుల గుర్తులు (అ, ఇ, ఉ లాంటి ధ్వనులు చూపే చుక్కలు) లేవు, కామాలు లేవు, ప్రశ్నార్థకాలు లేవు. రెండు చుక్కలు నిలువుగా కనిపిస్తే అక్కడ ఒక చర్చ ముగిసినట్టు, దాదాపు అంతే. ఆడిన్ స్టైన్‌సాల్ట్స్ 1965లో మొదలుపెట్టి 2010లో పూర్తిచేసిన ముద్రణలో అచ్చుల గుర్తులూ విరామచిహ్నాలూ ఉన్నాయి. కొత్తవాళ్లకు ముందు ఆ పుట ఇవ్వండి. ఒక భాగం పూర్తయ్యాక అదే భాగాన్ని విల్నా పుట మీద మళ్లీ చదివించండి. పెన్సిల్‌తో విరామచిహ్నాలు వాళ్లనే పెట్టమనండి. ప్రశ్నార్థకం తప్పు చోట పెట్టినవాడికి వాదన ఎక్కడ అర్థం కాలేదో అప్పుడే బయటపడుతుంది. వెయ్యి మాటల ఉపన్యాసం చూపించలేనిది ఆ ఒక్క పెన్సిల్ గీత చూపిస్తుంది.

రాషీ (1040–1105, ఫ్రాన్స్‌లోని త్రోయ్ పట్టణం) లేకుండా పుట కదలదు. మల్లినాథసూరి వ్యాఖ్య లేకుండా రఘువంశం పట్టుకున్నట్టే ఉంటుంది. ఆయన పేరు పెట్టుకున్న లిపి ఆయనది కాదు, తర్వాతి కాలపు అచ్చువాళ్లు వ్యాఖ్యానాన్ని మూలం నుంచి వేరుగా చూపడానికి వాడినది. అందులో సామెఖ్, చివరి మేమ్ ఒకేలా కనిపిస్తాయి. ఆలెఫ్ ఆలెఫ్‌లా ఉండదు. రెండు వారాల పాటు తరగతిలో పదిహేను నిమిషాలు దీనికి కేటాయిస్తే సరిపోతుంది. రాషీ ప్రతి వ్యాఖ్యా మూలంలోని ఒకటి రెండు మాటలు ఎత్తుకుని మొదలవుతుంది. ఆ మాటలు పుటలో ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించాకే వ్యాఖ్య చదవాలన్నది కచ్చితమైన నియమంగా పెట్టండి. లేకపోతే రాషీని విడి వ్యాసంలా చదువుతారు, ఆయన ఏ ప్రశ్నకు జవాబిస్తున్నాడో తెలియదు. తోసఫోత్ ఈ ఏడాదికి వద్దు. గురువుకు ఎంత మోజున్నా సరే.

మాటల పట్టిక ఒకటి ఇవ్వండి, అరవై మాటలకు మించకుండా. వస్తువుల పేర్లు అందులో పెట్టకండి, అవి నిఘంటువులో దొరుకుతాయి. వాదన మలుపు తిరిగే మాటలే పెట్టండి. ‘త్నన్’ అంటే మిష్నా వస్తోంది. ‘తన్యా’, ‘తనూ రబ్బనన్’ అంటే బరైతా, మిష్నాలో చేరని తన్నాల వచనం. ‘మేతీవే’ అంటే పై రకం వచనంతో ఒకరి మీద దాడి. ‘తా ష్మా’ అంటే రుజువు తెస్తున్నారు. ‘ఇబ్బయా లెహూ’ అంటే పాఠశాలలో ఒక సందేహం పుట్టింది. ‘ష్మా మినా’ అంటే తేలింది, ‘తేకూ’ అంటే తేలలేదు. ‘మేతీవే’కూ ‘తా ష్మా’కూ తేడా పట్టకపోతే దాడిని రుజువనుకుని వాదన తలకిందులుగా అర్థం చేసుకుంటారు. ఇంకో తప్పు కూడా చాలా మామూలు: తన్నాలనూ అమోరాలనూ (తన్నాల తర్వాతి తరాలవారు, గెమారాలో వాదించేవాళ్లు) ఒకే వరసలో పెట్టడం. అమోరా మాటకు మిష్నా అడ్డొస్తే అమోరా ఇరుకున పడ్డట్టే, ఏదో ఒక దారి వెతుక్కోవాలి. ఈ మెట్టు తేడా తెలియనివాళ్లకు ‘అయితే ఏమైంది, ఇద్దరి అభిప్రాయాలు వేరు’ అనిపిస్తుంది, చర్చలో పదును పోతుంది. పేర్ల దగ్గరా జాగ్రత్త. రవా, రబ్బా ఇద్దరు. రాతలో తేడా చివరి అక్షరం ఒక్కటే, ఒకరికి ఆలెఫ్, ఇంకొకరికి హే. రబ్బా అబ్బయేకు గురువు, రవా అబ్బయేతో తగవుపడేవాడు.

నిఘంటువులు రెండు కావాలి. మార్కస్ జాస్ట్రో 1903లో పూర్తిచేసినది పెద్దది, ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంది. కానీ మాట ముందు అతుక్కున్న అక్షరాలను ఒలిచేస్తే తప్ప అందులో ఏదీ దొరకదు. ‘దకతానే’ అన్న మాట దాలెత్ కింద వెతికితే ఉండదు. ‘ద’, ‘క’ తీసేసి తావ్ కింద చూడాలి. ఈ ఒలిచే పని తెలియకపోతే ఒక్క మాటకు పావుగంట పోతుంది. ఇట్స్‌హాక్ ఫ్రాంక్ చిన్న నిఘంటువు మాటలను పుటలో కనిపించే రూపంలోనే ఇస్తుంది. ముందు ఫ్రాంక్, అందులో దొరక్కపోతే జాస్ట్రో. జతకు ఒక్కో ప్రతి చొప్పున బల్ల మీద ఉండాలి. గదికి ఒకటి పెడితే అది గురువు దగ్గరే ఉండిపోతుంది.

అనువాదం ఎప్పుడు తెరవాలన్నది పెద్ద తలనొప్పి. 2017 నుంచి సెఫారియా అనే వెబ్‌సైటులో స్టైన్‌సాల్ట్స్ ఇంగ్లిష్ అనువాదం ఉచితంగా దొరుకుతోంది. మేలే జరిగింది, సందేహం లేదు. కానీ అందులో ముదురు అక్షరాల్లో ఉన్నదే మూలానికి మాటకు మాట అనువాదం. మామూలు అక్షరాల్లో ఉన్నదంతా వివరణ. ఈ తేడా చెప్పకపోతే విద్యార్థి మొత్తం గెమారాయే అనుకుంటాడు, ఇంత విడమరచి చెబుతున్న పుస్తకానికి రాషీ ఎందుకని అడుగుతాడు. మొదటి రోజే ముదురు అక్షరాలు మాత్రమే పైకి చదివించండి. తెగిపోయిన, గతుకుల వాక్యాలు వినపడతాయి. అసలు గెమారా మాట్లాడే తీరు అదే.

గంటన్నరను ఇలా పంచమని మా సూచన. మొదటి పది నిమిషాలు పోయిన వారం వాదనను ఎవరో ఒకరు పుస్తకం మూసి చెప్పాలి. తర్వాత యాభై నిమిషాలు హవ్రూతా, ఇద్దరిద్దరుగా. చివరి అరగంట అందరూ కలిసి. హవ్రూతాలో వరస మారకూడదు: ఒకరు పైకి చదవాలి, రెండోవారు మాటకు మాట అర్థం చెప్పాలి, లైనుకోసారి పాత్రలు మారాలి. ఒక మెట్టు పూర్తయ్యాక పుస్తకం మూసి ఎవరు ఏమన్నారో చెప్పుకోవాలి. అప్పుడు రాషీ. అనువాదం అన్నిటికన్నా చివర, తప్పు దిద్దుకోవడానికి. గదిలో పన్నెండు మందికి మించొద్దు. ఆరు జతల కంటే ఎక్కువైతే గురువు ఒక్కో జత దగ్గర నిలబడి వినలేడు. ముగ్గురు కలిసి కూర్చుంటే ఇద్దరు చదువుతారు, ఒకరు వింటారు. బేసి సంఖ్య వస్తే గురువే జత కట్టాలి. ఆరు వారాలకోసారి జతలు మార్చండి, అంతకంటే ముందు వద్దు. ఇద్దరికీ ఒకరి తడబాటు ఇంకొకరికి అలవాటు కావడానికే మూడు వారాలు పడుతుంది.

పెద్దల విషయంలో ప్రత్యేకంగా చెడేది ఒకటుంది. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు తమ పనిలో ఆరితేరినవాళ్లు. ఒక మాట తెలియలేదని అందరి ముందు ఒప్పుకోవడం వాళ్లకు కష్టం. అందుకని పుట వదిలేసి పుట గురించి మాట్లాడతారు: న్యాయం, నీతి, నేటి చట్టం, అమెరికా సుప్రీంకోర్టు. మాటలు బాగుంటాయి, గంట గడిచిపోతుంది, లైను కదలదు. గురువు చేతిలో దీనికి మందు ఒకే ఒక్క ప్రశ్న: ‘మీరన్నది ఏ లైనులో ఉంది?’ కోపం లేకుండా, నవ్వుతూ, ప్రతిసారీ అడగాలి. మీ గురువులను ఎంచుకునేటప్పుడు బాగా మాట్లాడేవాళ్లను కాదు, ఈ ప్రశ్న అడిగి జవాబు కోసం మౌనంగా కూర్చోగలిగేవాళ్లను వెతకండి. వేదిక మీద గొప్పగా ఉపన్యసించే రబ్బీలు ఈ పనికి తరచుగా పనికిరారు. ఈ మాటకు కొందరు నొచ్చుకుంటారు, తెలుసు.

రోజు కూడా చూసుకోండి. సినగాగుల్లో పెద్దల తరగతి చాలాచోట్ల షబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం) మధ్యాహ్నం పెడతారు, జనం ఎలాగూ వస్తారని. షబ్బాత్ ఆచారాలు పాటించే సమాజంలో ఆ రోజు రాయకూడదు, ఫోను తీయకూడదు. అంటే పెన్సిల్ లేదు, సెఫారియా లేదు. పైన చెప్పిన పద్ధతిలో సగం అక్కడే పోతుంది. వారం మధ్యలో ఒక సాయంత్రం పెట్టండి. షబ్బాత్ తప్ప కుదరకపోతే లైన్లకు అంకెలు వేసిన కాగితాలు ముందే అచ్చువేసి ఉంచండి, కొత్త భాగం కాకుండా పాతది తిరిగి చదివించండి. అన్నట్టు, ఆ కాగితాల మీద దేవుని పేరు ఉంటే చెత్తబుట్టలో వేయరు. గది మూల గెనీజా పెట్టె (ఇలాంటి కాగితాలు దాచేది) ఒకటి ఉంచి, దానిమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు, తర్వాత తెలిసి బాధపడతారు.

ఇది తెలుగులో రాయడానికి కారణం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉంది. దేశం బయట కూడా ఈ గ్రంథాలు నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్లున్నారు. వాళ్లు అరామిక్‌ను ఇంగ్లిష్ మీదుగా, అంటే మూడో భాష ద్వారా నేర్చుకోవాలి. ఆన్‌లైన్ తరగతులు నడిపేవాళ్లు మూడు పనులు చేస్తే చాలా తేలికవుతుంది. ఒకటి, ఆ అరవై మాటల పట్టికకు తెలుగు అర్థాలు చేర్చడం. రెండు, మూలాన్ని తెలుగు లిపిలో రాసి ఇవ్వకపోవడం. హే, హేత్, ఖాఫ్ మూడూ తెలుగులో హ, ఖల్లో కలిసిపోతాయి. ఆలెఫ్, ఆయిన్ రెండూ ‘అ’ అవుతాయి. తేత్, తావ్ రెండూ ‘త’ అవుతాయి. తెలుగు లిపిలో వినసొంపుగా చదివిన విద్యార్థి నిఘంటువు దగ్గర చతికిలపడతాడు (ఈ ఉత్తరంలో మేము చేస్తున్నదీ అదే, కాకపోతే ఇది పాఠం కాదు). మూడు, బైబిల్ అంకెలు. గెమారాలో వచనం ఎత్తిచూపినప్పుడు వీళ్లు చేతిలో ఉన్న తెలుగు బైబిల్ తెరుస్తారు. అందులో మలాకీ నాలుగు అధ్యాయాలు, హీబ్రూలో మూడు. యోవేలు తెలుగులో మూడు, హీబ్రూలో నాలుగు. 51వ కీర్తనలో పైనున్న పరిచయ వాక్యాలను హీబ్రూ రెండు వచనాలుగా లెక్కిస్తుంది కాబట్టి అంకె రెండు జరుగుతుంది. ఇది ముందే చెప్పకపోతే వచనం దొరకదు, గురువే తప్పు చెప్పాడనుకుంటారు.

వేళ సంగతి కూడా. న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదంటే ఇండియాలో వేసవిలో తెల్లవారుజామున అయిదున్నర, చలికాలంలో ఆరున్నర. జెరూసలేంలో రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పదిన్నర, పదకొండున్నర. ఆదివారం న్యూయార్క్ ఉదయం తొమ్మిదికి పెడితే ఇక్కడ సాయంత్రం ఆరున్నర, ఏడున్నర. అందరూ మెలకువగా ఉండే వేళ అదొక్కటే.

ఎప్పుడు మొదలుపెట్టాలి? జూన్ 8 హడావుడిలో వద్దు. యూదు పంచాంగంలో తిష్రే నెలంతా (సెప్టెంబరు, అక్టోబరు) పండుగలు, ఎవరూ కుదురుగా కూర్చోరు. ఆ తర్వాతి హెష్వాన్ నెలలో పండుగలే లేవు. అక్కడ మొదలుపెడితే పస్కా సన్నాహాలు మొదలయ్యేసరికి ఇరవై వారాలు వస్తాయి. అక్షరాల తరగతిని వేసవిలోనే ముగించండి. చివరి వారం సియూమ్ విందు పెట్టకండి, పూర్తయింది గ్రంథం కాదు కదా. దాని బదులు అదే అధ్యాయంలో ముందుకు వెళ్లి, 23వ ఆకులోంచి ఇంతవరకు చూడని అయిదు లైన్లు ప్రతి జతకూ విల్నా పుట మీదే ఇవ్వండి. నిఘంటువులు ఉంచండి, అనువాదం తీసేయండి, నలభై నిమిషాలు గడువివ్వండి. అయిదు లైన్లలో మూడు నడిపించగలిగిన జత, దఫ్ యోమి ఆ రోజు ఏ గ్రంథంలో ఉంటే అక్కడ ఎక్కొచ్చు. వాళ్లకు ఆ తరగతి ఇక ఉపన్యాసం కాదు. నడిపించలేనివాళ్లు అదే అధ్యాయంలో ఇంకో ఇరవై వారాలు కొనసాగాలి, దానికీ గది, గురువు ముందే సిద్ధంగా ఉండాలి.

ఖర్చు మీద కమిటీల్లో అభ్యంతరం వస్తుంది: పన్నెండు మందికి ఒక గురువా? దఫ్ యోమి గురువు ఒక్కడే నూరు మందికి చెబుతున్నాడు కదా? నిజమే. ఆ నూరు మందిలో పుస్తకం చూసి తమంతట తాము ఒక్క లైను చదవగలిగేవాళ్లు ఎందరో ఏడాది తర్వాత లెక్కపెట్టి, అప్పుడు తలసరి ఖర్చు వేసుకోండి. 1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రాంజ్ రోజెన్‌ట్స్‌వైగ్ పెద్దల కోసం యూదు విద్యాలయం తెరిచినప్పుడు కూడా ఉపన్యాసాలకు జనం పోటెత్తారు. కానీ ఆయన పట్టుబట్టింది హీబ్రూ నేర్చుకుని, చిన్న గుంపుల్లో మూలం చదవడం మీద. ఈ బేరం కొత్తది కాదు.

చివరగా పోస్టరు గురించి. ‘ముందస్తు పరిచయం అవసరం లేదు, అందరికీ ఆహ్వానం’ అన్న వాక్యం తీసేయండి. మంచి మనసుతో రాసిందే, కానీ అబద్ధం. ఆ మాట నమ్మి వచ్చినవాడికి మొదటి రోజే అన్నీ తెలిసి ఉండాలని అర్థమవుతుంది, తప్పు తనలోనే ఉందనుకుంటాడు. దాని చోట ఇలా రాయండి: ‘హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని చదవగలగాలి. రాకపోతే ఆరు వారాల ముందు తరగతి ఉంది, తేదీలు కింద ఇచ్చాం. వారానికి పది లైన్లు చదువుతాం. జత కుదర్చడం మా బాధ్యత. పెన్సిల్ తెచ్చుకోండి.’

ఇట్లు,
పెద్దలతో గెమారా చదివిస్తున్న కొందరు ఉపాధ్యాయులు